దీర్ఘం లేని మనలి

1997 మే 10, శనివారం, ఉదయం ఆరు గంటల ఐదు నిమిషాలకు నా పరువు టి.నగర్‌లోని మా ఇంటి గుమ్మం దిగి వ్యాన్ ఎక్కింది. తిరిగి ఇల్లు చేరలేదు. నేను చేరాను గానీ, అది చేరలేదు. ఎలా పోయిందో చెబుతాను. నవ్వుకోండి, అభ్యంతరం లేదు. మా వీధివాళ్లు ఎటూ ముందే నవ్వేశారు.

అప్పటికి నాకు యాభై మూడేళ్లు. తెలుగు మీడియం బడిలో లెక్కలు చెప్పేదాన్ని. బెజవాడ నుంచి మద్రాసు వచ్చి ముప్ఫై ఏళ్లు దాటినా అరవ అక్షరం ఒక్కటీ నేర్చుకోలేదు. మాట్లాడడం వచ్చుగా, చదవడం ఎందుకు, ఇంగ్లీషు లేదా అని నా ధీమా. ఈ ధీమా సంగతి గుర్తుపెట్టుకోండి. నన్ను ముంచిన నీళ్లు అవే.

మా ఆయన సినిమా స్టూడియోలో సౌండు విభాగంలో పనిచేసేవారు. ఎవరు ఏ పదం ఎక్కడ మింగారో చెప్పగల చెవి. ఆ ఏడు మా వీధి ఆడవాళ్లు సెప్టెంబరులో బదరీ యాత్రకు బయలుదేరుతున్నారు. నాకూ వెళ్లాలని ప్రాణం లేచొచ్చింది. హిమాలయాలు చూడకుండా పోతే ఈ జన్మ లెక్కలో ఒక మెట్టు వదిలేసినట్టే అనిపించేది. మా ఆయన మాత్రం ససేమిరా అన్నారు. రెండేళ్ల కిందట నేను తిరుపతి నుంచి వస్తూ అరక్కోణంలో మంచినీళ్లకు దిగి, ఎదురుగా ఉన్న వేరే రైలెక్కి మళ్లీ తిరుపతే చేరాను. ఒకే రోజు రెండుసార్లు తిరుపతి చేరే పుణ్యం ఎందరికి దక్కుతుంది? ఆయన దాన్ని పుణ్యంగా లెక్కవేయలేదు.

"నువ్వు లెక్క తప్పని మనిషివే గానీ దారి తప్పని మనిషివి కావు. నేను పక్కన లేకుండా నిన్ను కొండల్లోకి పంపను" అన్నారు.

అలాంటి సమయంలో నాకు లాటరీ తగిలింది. మా వీధి చివర గింజలు వేయించి అప్పటికప్పుడు కాఫీపొడి పట్టి ఇచ్చే కొట్టు ఉండేది. అరవ సంవత్సరాదికి అరకిలో పొడికి ఒక చీటీ ఇచ్చారు. రెండో బహుమతి ప్రెషర్ కుక్కర్. నా కన్ను దానిమీదే. తీరా నాకు మొదటి బహుమతి వచ్చింది. ఒక పచ్చ కార్డు చేతిలో పెట్టారు. ఒకవైపు ఇంగ్లీషులో ఉంది: శని, ఆదివారాలు రెండు రోజులు, మనాలిలో, తాయ్ చీ శిక్షణ, ఇద్దరికి, ప్రయాణం, భోజనం, బస ఉచితం. రెండోవైపు అరవంలో ఏదో ఉంది. ఇంగ్లీషువైపు అంతా తెలిసిపోయాక అరవంవైపు తిప్పడమెందుకు? తిప్పలేదు.

మనాలి. హిమాలయం. నా చేతిలో కార్డు చల్లగా తగిలిందంటే మీరు నమ్మాలి.

ఎంతైనా లెక్కల మనిషిని కనుక కొట్టు యజమానిని నిలదీశాను. మనాలి ఎక్కడుంది? "వడక్కే మా, రొంబ దూరం" అన్నాడు. ఉత్తరాన, చాలా దూరమట. సరిపోయింది. ఎలా తీసుకెళతారు? పొద్దున ఆరింటికి ఇంటికే బండి వస్తుందట. ఆదివారం సాయంత్రం మళ్లీ ఇంటి దగ్గరే దింపుతారట. నేను కాగితం లేకుండా మనసులోనే లెక్క కట్టాను. బండి మీనంబాకం విమానాశ్రయానికి. అక్కడి నుంచి విమానంలో ఢిల్లీ. ఢిల్లీ నుంచి చిన్న విమానం. మధ్యాహ్నం భోజనానికి మంచుకొండలు. కూడికలు, తీసివేతలు అన్నీ సరిగ్గా కుదిరాయి. కాఫీపొడి అమ్ముకునేవాడు ఇద్దరిని విమానం ఎక్కించడం ఏమిటన్న అనుమానం రాలేదా అంటారా? వచ్చింది. వాడు ఇన్నేళ్లుగా మా పొడిలో చికోరీ కలిపి మిగుల్చుకున్న డబ్బు తలుచుకుంటే ఆ అనుమానం పోయింది.

కార్డు మా ఆయనకు చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. కాఫీ గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు తాగారు. గ్లాసులో కాఫీ అయిపోయాక కూడా తాగారు.

"తాయ్ చీ అంటే?"

"చైనావాళ్ల కసరత్తట. మెల్లగా చేతులూ కాళ్లూ కదపాలి. మోకాళ్లకు మంచిదట. మీరూ రండి."

"ఈ వయసులో తైతక్కలాడడానికి నేను రాను. నువ్వు వెళ్లు."

నేను ఉలిక్కిపడ్డాను. ఇదే ఊళ్లో ఉన్న పారిస్ కార్నర్ దాకా ఒంటరిగా పంపని మనిషి హిమాలయాలకు వెళ్లమంటున్నాడు.

"నిజంగానా?"

"నిజంగానే. అక్కడ రెండు రోజులుండి, తప్పిపోకుండా ఇల్లు చేరు. చేరితే బదరీకి అడ్డుపడను. నేనే సెంట్రల్‌కి వచ్చి నిన్ను రైలెక్కిస్తాను. తప్పిపోయావో, బదరీ మాట ఇంక ఈ ఇంట్లో వినపడకూడదు."

అదీ పందెం. రెండు రోజులు, తప్పిపోకూడదు, అంతే.

రెండో మనిషిగా కింది వాటాలో ఉండే రాజమ్మను పిలిచాను. రాజమ్మవాళ్లు ఎన్నో తరాలుగా మద్రాసులో ఉన్న తెలుగువాళ్లు. తెలుగులో మొదలుపెట్టి అరవంలో దిగి, మధ్యలో ఇంగ్లీషు ఎక్కి మాట్లాడుతుంది. నాకంటే ఐదేళ్లు చిన్నది. నన్ను ప్రేమగా అక్కా అంటుంది. అయినా నేను తప్పు చెప్పినా దిద్దదు. టీచర్లు తప్పు చెప్పరని ఆమె నమ్మకం. దేశంలో ఇలాంటి నమ్మకాలు ఉండకూడదు.

కార్డు చూడగానే రాజమ్మ అరవం వైపు చదువుకుని నొచ్చుకుంది. "తాయి చీ నా? అరవంలో తాయి అంటే అమ్మ కదక్కా. అమ్మను పట్టుకొని చీ అంటారా ఎవరన్నా?"

చైనావాళ్ల అమ్మ వేరు అని సర్దిచెప్పాను. రాజమ్మ ఒప్పుకుంది. పైగా వాళ్ల చిన్నాయన కూతురు మనలిలోనే కాపురం ఉంటోందనీ, ఆమెకు ఆవకాయ జాడీ పట్టుకెళతాననీ చెప్పింది. హిమాలయాల్లో రాజమ్మకు చెల్లెలు ఉందా అని నేను నోరు తెరిచాను. ఆ చెల్లెలు వారం వారం వచ్చి పోతుంటుందని చెప్పింది. తెరిచిన నోరు మూయలేదు. ఎంత కలిగినవాళ్లో పాపం, వారం వారం విమానమే.

ప్రయాణం ముందురోజు ఇద్దరం పెట్టెలు సర్దుకున్నాం. కత్తిరి ఎండలు కాస్తున్నాయి. గోడ మీద చెయ్యి పెడితే అట్టులా కాలుతోంది. నేను స్వెటరు, మఫ్లరు, కోతిటోపీ, రెండు జతల ఉన్ని మేజోళ్లు పెట్టుకున్నాను. రాజమ్మ రెండు నూలు చీరలు, ఒక తువ్వాలు పెట్టుకుంది.

"చలికి ఏం తెచ్చుకున్నావు?"

"ఆడ చలి యాడిదక్కా? ఆడ పొగ దా. పొద్దున్నే లేస్తే ఎదురింటి మనిషి కనపడదు."

పొగమంచు అని మనసులో దిద్దుకున్నాను. భాష సరిగా రాదు పాపం.

"రాత్రిళ్లు మంట వేసుకుంటారా?"

"వేసుకోవడమేంది? రాత్రీ పగలూ మంట మండతానే ఉంటాది. ఆర్పనే ఆర్పరు."

అంత చలన్నమాట. నేను మూడో జత మేజోళ్లు కూడా పెట్టుకున్నాను. రాజమ్మ నా ఉన్నిబట్టలు చూసి ఏమీ అడగలేదు. చీనావాళ్ల కసరత్తు కదా, చెమట పట్టించడానికి కాబోలు అనుకుందని తర్వాత తెలిసింది.

ఇక శనివారం. వ్యాన్‌లో మాతో పాటు ఒక స్టవ్వు, రెండు బస్తాల బియ్యం ఉన్నాయి. దిగగానే చలి కొడుతుందన్న భయంతో మేజోళ్లు తొడుక్కునే ఎక్కాను. మౌంట్ రోడ్డు రాగానే కుడివైపు తిరగాల్సిన వ్యాన్ ఎడమవైపు తిరిగింది. మీనంబాకం కుడివైపు. ట్రాఫిక్ తప్పించడానికి చుట్టూ తిప్పుతున్నాడేమో అనుకున్నాను. పారిస్ కార్నర్ దాటింది. హార్బరు గోడ కనిపించింది. ఓడ ఎక్కిస్తారా? హిమాలయాలకు ఓడలో పోయే దారి నేను ఏ భూగోళంలోనూ చదవలేదు. రాయపురం పోయింది. తిరువొత్తియూరులో చేపల వాసన కిటికీలోంచి వచ్చి నా ఒళ్లో కూర్చుంది.

ఇక ఉండబట్టక డ్రైవర్ని అడిగాను, ఎయిర్‌పోర్టు ఎప్పుడొస్తుందని. అతను అద్దంలో నావైపు చూసి, తర్వాత రాజమ్మవైపు చూశాడు. ఈమెకు ఏమైంది అన్నట్టు.

"ఎయిర్‌పోర్ట్ ఎందుకక్కా?" అంది రాజమ్మ. "రైలుగేటు దాటితే మనలి వచ్చేస్తాది."

"రైలుగేటు దాటితే మనాలి వస్తుందా?"

"అవునక్కా. అదో చూడు, నేను చెప్పలా, మంట."

చూశాను. ఆకాశంలో ఒక పొడుగాటి గొట్టం. దాని కొసన ఎర్రటి మంట. దానికింద పెట్రోలు శుద్ధిచేసే కర్మాగారం, చుట్టూ తెల్లగా, పచ్చగా, నల్లగా పొగ. చిన్నాయన కూతురు వారం వారం ఎక్కివచ్చే విమానం మా పక్కనే హారన్ కొట్టి పోయింది. సిటీ బస్సు.

తానొకటి తలిస్తే దైవం అరవంలో తలిచింది. ఇంగ్లీషులో మద్రాసు శివారు మనలి రాసినా, హిమాలయాల మనాలి రాసినా అక్షరాలు అవే. కార్డు వెనకవైపు అరవంలో ఏ అనుమానానికీ తావు లేకుండా రాసి ఉంది. అరవంలో మణల్ అంటే ఇసుక. నేను మంచు కోసం మేజోళ్లు తొడుక్కుని ఇసుకలో దిగాను. మధ్యాహ్నానికి ఎండ నలభై డిగ్రీలకు తగ్గదు.

రాజమ్మకు సంగతంతా చెప్పాను. ఆమె నవ్వలేదు. చీర కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లనీళ్లు కారుతుండగా, నవ్వలేదు. కాసేపటికి తేరుకుని, ఇంటికి పోదామా అక్కా, గంటలో పోవచ్చు అంది.

నేను ఆలోచించాను. ఇప్పుడు ఇంటికి పోతే బదరీ పోయినట్టే. షరతు ఏమిటి? అక్కడ రెండు రోజులు ఉండాలి. తప్పిపోకూడదు. షరతులో మంచు ఉందా? లేదు. కొండలు ఉన్నాయా? లేవు. లెక్కలో ఏమి ఇచ్చారో అదే చెయ్యాలి గానీ, ఇవ్వనిది ఊహించుకోకూడదని ఎంతమంది పిల్లల చెవులు మెలిపెట్టాను.

"ఉందాం" అన్నాను.

శిక్షణ ఒక కల్యాణమంటపం డాబా మీద. మంటపం కాఫీకొట్టు యజమాని అల్లుడిదట. పెళ్లిళ్లు లేని రోజుల్లో అక్కడ కసరత్తు నేర్పించి నాలుగు డబ్బులు చేసుకుందామని అతని ఆలోచన. మాకు ఇచ్చిన బహుమతి ఆ వ్యాపారానికి బోణీ. నేర్పే మాస్టారు మనవాడే, గుడివాడ అబ్బాయి. పన్నెండేళ్లుగా సినిమాల్లో హీరోల చేత తన్నులు తింటూ నడుములు విరగ్గొట్టుకుని, పారిస్ కార్నర్ దగ్గర పళ్ల వైద్యం చేసే ఒక చైనా ముసలాయన దగ్గర ఈ విద్య నేర్చుకున్నాడట. నోరు తెరిపించి పళ్లు పీకే ఆయన దగ్గర నోరు మూసుకుని చేసే కసరత్తు నేర్చుకోవడం నాకు సబబుగానే తోచింది.

మొత్తం పాతికమంది ఆడవాళ్లం. తెల్లకొంగలా రెక్కలు విప్పమన్నాడు. పిచ్చుక తోక పట్టుకోమన్నాడు. మీదికొచ్చే కోతిని అరచేత్తో వెనక్కి తోలమన్నాడు. ఇవన్నీ నీళ్లలో నడుస్తున్నంత మెల్లగా చెయ్యాలి. పది గంటలకల్లా డాబా పెనంలా కాగింది. పిచ్చుక తోక సంగతి దేవుడెరుగు, అందరూ తమ కాళ్లు తామే పట్టుకుని ఎగరడం మొదలుపెట్టారు. నేనొక్కదాన్నే కొంగలా నిలబడి ఉన్నాను. ఉన్ని మేజోళ్లు తొడుక్కున్నదాన్ని నేనొక్కదాన్నే మరి.

మాస్టారు అందర్నీ ఆపి నన్ను చూపించాడు. ఈమెలో చలనం ఉందా? ఇదే అసలైన నిశ్చలత, మా గురువుగారు చెప్పింది ఇదే అన్నాడు. చీర అంచు కింద మేజోళ్లు ఎవరికీ కనపడలేదు. పాతికమంది నాకు దణ్ణం పెట్టినంత పనిచేశారు. రాజమ్మ కూడా పెట్టింది. ఆమెకు నిజం తెలుసు. అయినా పెట్టింది.

సాయంత్రం ఇంటికి ఫోన్ చేస్తానని మాట ఇచ్చాను. మంటపం ఎదురుగా ఉన్న బడ్డీకొట్టులో రూపాయి బిళ్ల వేసే ఎర్ర ఫోను ఉంది. ఢిల్లీ అవతలి నుంచి రూపాయికి ఫోన్ వస్తుందా అని ఆయన ఆలోచిస్తారేమోనని బిళ్లను రెండుసార్లు వెనక్కి తీసుకున్నాను. అబద్ధం ఆడకూడదు, నిజం చెప్పకూడదు.

"చేరావా?" అన్నారు.

"చేరాను. మనాలిలోనే ఉన్నాను."

"చలి ఎలా ఉంది?"

"మరీ అంత లేదు."

"మంచు?"

"పొగగా ఉంది. ఎదర ఏమీ కనపడడం లేదు."

అంతలో నా వెనక నుంచి గుగ్గిళ్ల బండివాడు ఒకడు సుండల్, సుండల్ అని గొంతు చించుకున్నాడు. ఫోన్‌లో ఆయన రెండుసార్లు దగ్గారు.

"హిమాలయాల్లో సుండల్ కూడా అమ్ముతున్నారే" అన్నారు.

"భక్తులు ఎక్కడెక్కడి నుంచో వస్తారుగా" అని పెట్టేశాను.

ఆ రాత్రి మంటపంలో పడుకుని ఆయన గొంతు గుర్తుచేసుకున్నాను. ఆ గొంతులో అనుమానం లేదు. అనుమానం ఉండాల్సిన చోట ఏదో ఉక్కిరిబిక్కిరి ఉంది. ఎందుకో అర్థం కాలేదు.

మర్నాడు కూడా నిశ్చలంగా నిలబడ్డాను. మధ్యాహ్నం వంటమనిషి సాంబారు అండా దించడానికి మసిగుడ్డ లేక అవస్థపడుతుంటే నా స్వెటరు ఇచ్చాను. దానికి ఆ ఊళ్లో దొరికిన ఏకైక ఉపయోగం అది. రాజమ్మ చెల్లెలు వచ్చి ఆవకాయ తీసుకుంది. ఆమె చంటివాడు నా కోతిటోపీ పట్టుకుని వదలకపోతే వాడికే వదిలేశాను. సాయంత్రం ఏడింటికి వ్యాన్ మమ్మల్ని సరిగ్గా మా గుమ్మం ముందు దింపింది. రెండు రోజులు పూర్తి. తప్పిపోలేదు. పందెం నాది.

ఇంటికి తాళం వేసి ఉంది.

ఎదురింటి ఆవిడ కిటికీలోంచి నన్ను చూసి తెల్లబోయింది. మీ ఆయన రెండింటికే బయలుదేరారు, 'మా ఆవిడను మనలి నుంచి తీసుకొస్తాను, నన్ను చూడగానే ఆమె మొహం ఎలా ఉంటుందో చూడాలి' అని నవ్వుకుంటూ వెళ్లారు అని చెప్పింది.

మనలి అంది ఆవిడ. దీర్ఘం లేదు. నేను మెట్టు మీద కూర్చున్నాను. కార్డును అటూ ఇటూ తిప్పిన ఆయన చేతులు, ఖాళీ గ్లాసులోంచి కాఫీ తాగిన ఆయన మొహం ఒక్కొక్కటే కళ్లముందు నిలిచాయి. ఆయనకు అరవం చదవడం వచ్చు. మొదటి నిమిషం నుంచీ తెలుసు.

కోపం ఒక అరగంట నిలిచింది. ఏడున్నర దాటాక అది భయమైంది. రెండింటికి వెళ్లిన మనిషి ఎక్కడ? రాజమ్మ కిందికీ పైకీ తిరుగుతోంది. ఎనిమిదీ పదికి వీధి మలుపులో ఒక ఆకారం కనిపించింది. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది, ఒక చెప్పు చేతిలో ఉంది.

"ఎక్కడికెళ్లారు?"

"నిన్ను తీసుకొద్దామని."

"ఎక్కడి నుంచి?"

ఆయన చెప్పు కింద పెట్టారు. "మనలి నుంచి."

"మనలి చేరారా?"

"లేదు."

"మరెక్కడ చేరారు?"

"అంబత్తూరు."

మీకు అంబత్తూరు తెలియకపోతే చెబుతాను. అది కూడా ఫ్యాక్టరీల ఊరే గానీ మనలికి దానికి సంబంధం లేదు. జరిగింది ఇది. రెండు రోజులుగా తనలో తాను మనాలి, మనాలి అని నవ్వుకుని నాలుకకు అదే అలవాటై, కండక్టరును మనాలికి ఒక టికెట్ అడిగారట. కండక్టరు, హిమాలయానికి ఈ బస్సు పోదు సారూ అన్నాడట. బస్సంతా నవ్వింది. ఆ కోపంలో దిగిపోయి, వెనకే వచ్చిన బస్సును బోర్డు కూడా చూడకుండా ఎక్కి, కిటికీ పక్కన నిద్రపోయారు. లేచేసరికి అంబత్తూరు. ఆదివారం ఫ్యాక్టరీలకు సెలవు. దారి అడుగుదామంటే మనిషి లేడు. చెప్పు అక్కడే తెగింది.

"అంత తెలిసి ముందే చెప్పలేదేం?" అన్నాను.

"మొదటి రోజు నవ్వొచ్చింది, చెప్పలేదు. రెండో రోజు నువ్వు స్వెటరు దులిపి ఎండలో వేశావు. ఆ తర్వాత చెప్పే ధైర్యం లేకపోయింది."

నేను బడిలో ఫలితాలు చదివే గొంతుతో చెప్పాను. మనాలి అయినా, మనలి అయినా, వెళ్లి రమ్మన్న చోటికి వెళ్లి వచ్చాను. మనలికే చేరలేని మనిషికి బదరీకి అనుమతి ఇచ్చే అధికారం ఎక్కడి నుంచి వస్తుంది?

ఆయన తెగిన చెప్పును గుమ్మం పక్కకు నెట్టి, "కాస్త మంచినీళ్లివ్వవే" అన్నారు. మా ఇంట్లో దాన్ని ఓటమి అంటారు.

అందుచేత, సూర్యచంద్రుల సాక్షిగా, మనలి గొట్టం కొసన ఆరని ఆ మంట సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఏ కాగితమైనా రెండువైపులా తిప్పకుండా, వెనకవైపు ఉన్నదాన్ని ఆ లిపి వచ్చినవాళ్ల చేత చదివించకుండా, ఈ ఊరి పొలిమేర దాటను. దీర్ఘం ఉందో లేదో తేలేదాకా మేజోళ్లు తొడగను.

పోయినవి: సాంబారుకు స్వెటరు ఒకటి. చంటివాడికి కోతిటోపీ ఒకటి. మా ఆయన ఎడమకాలి చెప్పు ఒకటి. వ్యాన్‌లో ఎక్కడో మఫ్లరు. "నాకు తెలుసు" అని గట్టిగా అనగలిగే నా హక్కు, శాశ్వతంగా.

సెప్టెంబరులో బదరీకి పోయినవాళ్లు: నేనూ, రాజమ్మా.